నోటర్‌డేమ్ ఒంటరిగానే ఉండాలా?

ప్రశ్న: మా వాడు అమెరికాలో నోటర్‌డేమ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు సార్, వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ (కలిసి ఆడుకునే కాలేజీల గ్రూపు) లేదంట, చేరితే మంచిది కదా?

జవాబు: ఎందుకు చేరతారండీ? 1991 నుంచి వాళ్ల హోమ్ మ్యాచ్‌లు ఎన్‌బీసీ టీవీ చానల్లో వస్తున్నాయి, ఆ డబ్బు ఇంకో కాలేజీతో పంచుకునే పనే లేదు. బాస్కెట్‌బాల్ లాంటివి 2013 నుంచి ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) లోనే ఆడుతున్నారు, ఫుట్‌బాల్‌కి మాత్రం ఏడాదికి ఓ ఐదు మ్యాచ్‌లు ఏసీసీ వాళ్లతో ఆడేసి మిగతావి నచ్చినోళ్లతో పెట్టుకుంటారు, చందా కట్టకుండా భోజనాలకి కూర్చున్నట్టు! నష్టం లేదా అంటే 2024లో జరిగింది, కాన్ఫరెన్స్ టైటిల్ ఉండదు కాబట్టి అప్పటి రూల్ ప్రకారం ఆ సీజన్ ప్లేఆఫ్‌లో (చివరి నాకౌట్ మ్యాచ్‌లు) నలుగురు కాన్ఫరెన్స్ చాంపియన్లకి దొరికిన బై (మొదటి రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్లడం) వీళ్లకి రాలేదు, అయినా ఓ మ్యాచ్ ఎక్కువ ఆడి మరీ ఫైనల్ దాకా వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడారు. కోవిడ్ టైమ్‌లో 2020లో ఒక్క సీజన్ ఏసీసీలో ఆడారు లెండి. నన్నడిగితే టీవీ డీల్ ఉన్నంతకాలం చేరక్కర్లేదు.