రైఫిల్ స్క్రూ బిగుసుకుపోతే లేత్ షాపులో ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. నేను రైఫిల్ క్లబ్బు సభ్యుణ్ని. నా పేరున లైసెన్సు ఉన్న .22 రైఫిల్ ఉంది. దానికి స్కోప్ (గురి చూసే దుర్బిణి) మౌంటు బిగించినప్పుడు స్క్రూలకు ఎర్ర లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూశారు. ఇప్పుడు మౌంటు మార్చుకుందామంటే రెండు స్క్రూలు కదలడం లేదు. ఒకదాని తల అరిగిపోయి అలెన్ కీ ఊరికే తిరుగుతోంది. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రి 'ఇక్కడ పెట్టి వెళ్లండి, రేపటికల్లా డ్రిల్ వేసి తీసేస్తా' అంటున్నాడు. నాకు కుదరకపోతే మా అబ్బాయి చేత పంపించొచ్చా? నేనే ఇంట్లో తీసుకుంటే తప్పవుతుందా? అమెరికాలో ఉండే మా బావమరిది 'ఒక స్క్రూకి లాయరెందుకు బావా' అని నవ్వుతున్నాడు.

జవాబు: మీ మేస్త్రి మంచి పనిమంతుడే కావచ్చు. అయినా రైఫిల్ అతని దగ్గర పెట్టి రావద్దు.

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ తుపాకుల తయారీ, అమ్మకాల గురించి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. 'మరమ్మతు' అనే మాట కూడా అందులోనే ఉంది. అందుకు లైసెన్సు లేనివాళ్లు తుపాకీని మరమ్మతు చేయకూడదు, మరమ్మతు కోసమని దగ్గర పెట్టుకోనూ కూడదు. మీ లైసెన్సు మీరు తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చింది. దాని జెరాక్స్ మేస్త్రి గల్లాపెట్టెలో పెట్టి వచ్చినా అతనికి ఏ రక్షణా రాదు.

శిక్ష సంగతి చెబితే నా దగ్గరికి వచ్చే క్లయింట్లు నమ్మరు. 5వ సెక్షన్‌ను ఉల్లంఘించి మరమ్మతు చేస్తే 25(1)(ఎ) కింద ఒకప్పుడు మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ ఏడేళ్లు, ఎక్కువైతే యావజ్జీవం. నాటు తుపాకులు చేసేవాడికీ, స్క్రూ పీకే లేత్ మేస్త్రికీ ఆ సెక్షన్ మాటల్లో తేడా లేదు. కోర్టులో వాదించి తేడా చూపించొచ్చు, కానీ ఆ వాదన అరెస్టు, బెయిలు అన్నీ అయ్యాక జరుగుతుంది. ఇంకో చిక్కుంది. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నాడని 3వ సెక్షన్ కింద కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలని 39వ సెక్షన్ చెబుతుంది. 5వ సెక్షన్ కేసుకు ఆ అడ్డుగోడ కూడా లేదు. ఇక అవతలివాడికి తుపాకీ ఉంచుకునే అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా అప్పగించినందుకు 29వ సెక్షన్ కింద మీ మీదా కేసు పెట్టొచ్చు. మీ లైసెన్సు రద్దు చేయాలని చూసేవాళ్లకు 17వ సెక్షన్ ఉండనే ఉంది.

మీరే ఇంట్లో తీసుకోవడం వేరే సంగతి. నా అభిప్రాయంలో స్కోప్, మౌంటు తుపాకీకి పైన తగిలించుకునే సరంజామా. మీ లైసెన్సు తుపాకీ మీద మీరు స్క్రూ విప్పి బిగించుకోవడం శుభ్రం చేసుకోవడంలాంటిదే, దాన్ని మరమ్మతు అనలేం. రిసీవర్‌కు (బోల్టు కూర్చునే రైఫిల్ నడిమి లోహ భాగం) డ్రిల్ తగిలిందో, స్క్రూ రంధ్రంలో కొత్తగా మర గాడులు కోశారో, అది మరమ్మతే. అక్కడికి మీరూ వెళ్లకండి.

కదలని స్క్రూను లాక్‌టైట్ పట్టుకుని ఉన్నప్పుడు బలం కంటే వేడి నయం. నీలం రంగుది మామూలు పనిముట్లతోనే ఊడుతుంది. ఎర్రది సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ పట్టు వదలదు. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్టు బయట పెట్టండి. తూటాలు మీరు పనిచేసే గదిలోనే ఉండకూడదు. స్కోప్‌ను రింగుల నుంచి విప్పి పక్కన పెట్టాక, సాల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఆనించి కొన్ని నిమిషాలు ఉంచి, వేడి తగ్గేలోపే సరిగ్గా సరిపోయే బిట్‌తో తిప్పండి. గ్యాస్ మంట మాత్రం వద్దు. రిసీవర్ రంగు పోతుంది, ఉక్కుకిచ్చిన గట్టిదనం కూడా చెడొచ్చు. తల అరగనిది ఇలా వచ్చేస్తుంది. అరిగినదాన్ని మీరు కెలకొద్దు. ముందు వైపు మౌంటు స్క్రూ కింద కొన్ని రైఫిళ్లలో ఛాంబర్ ఉంటుంది. డ్రిల్ కాస్త లోతుకు దిగితే ఆ రైఫిల్ పేల్చడానికి పనికిరాదు.

సీరియల్ నంబరు మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. మౌంటుకు దగ్గర్లోనే నంబరు చెక్కి ఉంటే, గ్రైండర్ జారి ఒక్క అంకె పోయినా తలనొప్పే. తుపాకీ మీది గుర్తింపు నంబరు చెరపడం 8వ సెక్షన్ కింద నిషేధం. రెన్యువల్‌కు వెళ్లినప్పుడు 'మేస్త్రి చెయ్యి జారింది సార్' అంటే ఎవరూ వినరు.

కాబట్టి మరమ్మతుకు లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరికే వెళ్లండి. అమ్మకానికి లైసెన్సుంటే మరమ్మతుకూ ఉన్నట్టే అనుకోవద్దు, అతని లైసెన్సులో ఆ పని రాసి ఉందో లేదో చూపించమనండి. ఇందులో మొహమాటం వద్దు. రైఫిల్ రకం, నంబరు, ఇచ్చిన తేదీ, చేయాల్సిన పని రాసిన రసీదు తీసుకుని లైసెన్సు పుస్తకంతో పాటు దాచండి. ఆ మధ్యలో స్టేషన్ నుంచి ఫోనొచ్చి 'మీ వెపన్ ఎక్కడ' అంటే చూపించాల్సింది ఆ కాగితమే.

మీ అబ్బాయి చేత పంపించొచ్చు. 3వ సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు పక్కన ఉన్నా, రాతపూర్వకంగా అధికారం ఇచ్చినా, లైసెన్సు లేని మనిషి మరమ్మతు కోసం తుపాకీని తీసుకెళ్లొచ్చు. ఫోన్‌లో 'సరే పట్టుకెళ్లు' అంటే చాలదు. కాగితం మీద అబ్బాయి పేరు, రైఫిల్ నంబరు, ఏ డీలరు దగ్గరికి, ఏ తేదీన అన్నది రాసి సంతకం చేయండి. రైఫిల్ ఖాళీగా, కేసులో మూసి ఉండాలి. దారిలో స్నేహితుడి ఇంట్లో ఒక రాత్రి పెట్టుకుంటానంటే ఈ వెసులుబాటు వర్తించదు.

మీ బావమరిది నవ్వులో కొంత నిజం ఉంది, అక్కడ తన తుపాకీ తాను బాగు చేసుకోవడానికి మామూలుగా ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కానీ తుపాకుల మరమ్మతునే వ్యాపారంగా పెట్టుకున్నవాడు అక్కడా ఫెడరల్ లైసెన్సు తీసుకోవాల్సిందే. ఆ మాట కూడా చెప్పండి ఆయనకి.

ఈ జవాబు చదివేసరికే రైఫిల్ ఆటోనగర్ చేరి ఉంటే, పని సగంలో ఉన్నా సరే, మీరే స్వయంగా వెళ్లి ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి.