నిద్ర గోళీ ఒక్కసారిగా మానేయకండి, ఫీల్డ్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. కల్వకుర్తి దగ్గర మా ఊరు. బీటెక్ మెకానికల్ అయిపోయి ఏడాది దాటింది, ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను, చదివింది గుర్తుండట్లేదు. నిద్ర పట్టట్లేదంటే రూమ్మేట్ అల్ప్రాజోలం 0.5 ఇచ్చాడు. రెండున్నర నెలలుగా వాడుతున్నా, ఇప్పుడు రెండు వేసుకుంటేనే నిద్ర వస్తోంది. ఇంటర్వ్యూ ఉంటే మత్తుగా ఉంటుందని ముందురోజు మానేస్తాను, అయినా అక్కడ చేతులు వణుకుతాయి, గుండెదడ. ఈ ఫీల్డ్ నాకు పడదా? గ్రూప్స్‌కు ప్రిపేర్ అవ్వాలా?

జవాబు: మీరు ఫీల్డ్ గురించి అడిగారు, నాకు మాత్రం ఆ గోళీ దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఇంటర్వ్యూ రోజు వణుకు, దడ రావడానికి టెన్షన్ కొంత కారణం కావచ్చు, కాదనను. కానీ రోజూ రెండు వేసుకునే మనిషి ఆ ఒక్క రాత్రి మానేస్తే మర్నాటికి ఒంట్లో మందు తగ్గిపోయి సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. చదివింది గుర్తుండకపోవడం కూడా అంతే, ఈ రకం మందులు కొత్తగా నేర్చుకున్నదాన్ని నిలవనివ్వవు. అంటే మీరు సాఫ్ట్‌వేర్‌కు పనికిరారని తేల్చుకుంటున్నది మందు ప్రభావంలో ఉండి. నేను మిమ్మల్ని చూడలేదు, రాసింది చదివి చెబుతున్న మాట ఇది, పరీక్షించిన డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

ఇది చదివి భయపడి ఈ రాత్రే షీటు చెత్తబుట్టలో వేయకండి. మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు ఈ మందు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2015లో అధికారుల దాడులతో కల్తీ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం వరసగా ఆస్పత్రులకు వచ్చారు. ఆ కల్లులో కలిపేవాటిలో మీరు వేసుకునే అల్ప్రాజోలం కూడా ఒకటి. మీది అంత మోతాదు కాకపోవచ్చు, అయినా రెండున్నర నెలలు తక్కువేం కాదు. కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఎంత, ఎప్పుడు అనేది డాక్టరు మిమ్మల్ని చూసి నిర్ణయిస్తారు. అంతవరకూ మోతాదు పెంచొద్దు, ఇంటర్వ్యూ కోసమని మధ్యలో ఎగ్గొట్టొద్దు. ఫ్రెండ్స్‌తో బీరు, ఊరెళ్తే కల్లు అసలే వద్దు, ఈ గోళీతో అవి కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఒక్క మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. షీటు మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది. ఇంజినీరింగ్ చదివిన మీరు రెండున్నర నెలల్లో ఒక్కసారైనా అది చదవలేదా? రూమ్మేట్ మంచికే ఇచ్చి ఉంటాడు. కానీ ఆరోజే ఏ జనరల్ ఫిజీషియన్ దగ్గరికైనా వెళ్లి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు.

అసలు నిద్ర ఎందుకు పోయిందో కూడా చూడాలి. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. సాయంత్రం తర్వాత టీ ఆపండి. రెండు వారాలకు మించి దేనిమీదా మనసు లేకపోవడం, ఇంట్లోవాళ్ల ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవడం ఉంటే డిప్రెషన్ కావచ్చు. దానికి వేరే మందులున్నాయి, పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేయకూడదు. ఇంకోటి సూటిగా అడుగుతున్నా, మీరు రాయలేదు కాబట్టే అడుగుతున్నా: బతికి ఏం లాభం అన్న ఆలోచన వస్తోందా? వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ లైను, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గ్రూప్సా, టెస్టింగా అన్నది మందు తగ్గి, నిద్ర కుదిరాక ఆలోచించండి. ఈ రెండు నెలల్లో ఏ దారీ మూసుకుపోదు, కట్టిన ఫీజు పోతుందేమో అనుకుంటే కోచింగ్ వాళ్లను అడిగి తర్వాతి బ్యాచ్‌కు మార్పించుకోండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ గోళీల షీటు పట్టుకెళ్లండి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఒకటి కూడా తగ్గించకుండా చెప్పండి.