తొలి కథల సంపుటి వేస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. కథల సంపుటి డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చడానికి, ఇచ్చానన్నావు, చాలా సంతోషం. "పుస్తకం వచ్చాక నాలుగు రోజులు హడావుడి ఉంటుంది, ఆ తర్వాత అందరూ మర్చిపోతారు. అలా కాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి పిన్నీ?" అని అడిగావు కదా. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాసి పంపుతున్నాను.

నేను నమ్మేది ఒక్కటే. నీ కథ నచ్చిన మనిషి నీ రెండో కథ కోసం వెతికితే అది దొరకాలి. ఇవాళ వెతికినా దొరకాలి, పదేళ్ల తర్వాత వెతికినా దొరకాలి. తెలుగులో ఎంతమంది మంచి రచయితలు బాగా రాస్తూ కూడా మరుగున పడిపోయారో! ఆదివారం అనుబంధంలో కథ చదివి కదిలిపోయినవాళ్లు షాపుకెళ్లి "ఈవిడవి ఇంకేమైనా ఉన్నాయా" అని అడిగితే, "కాపీలు లేవండీ" అన్న జవాబు వస్తుంది. అంతటితో సరి. ఆ పాఠకులు మళ్లీ తిరిగి రారు.

ముందు పేరు సంగతి తేల్చుకో. ఇప్పటిదాకా ఒక పత్రికలో ఇంటిపేరుతో, ఇంకోచోట ఇనీషియల్‌తో, మరోచోట పెళ్లి తర్వాతి ఇంటిపేరుతో రాశావు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని ఇకమీదట అదే వాడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు స్పెల్లింగు కూడా ఒక్కటే ఉండాలి. లేకపోతే నీ కథలు ముగ్గురు మనుషుల కథల్లాగా చెల్లాచెదురవుతాయి.

రెండోది, డీటీపీ. దీన్ని చాలామంది పట్టించుకోరు, నువ్వు మాత్రం గట్టిగా పట్టుకో. మన దగ్గర పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలోనే తయారవుతున్నాయి. అచ్చుకి అది బాగానే ఉంటుంది. కానీ ఆ ఫైలులోని అక్షరాలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. అందులో ఒక మాట వెతకాలన్నా, దాన్ని ఈబుక్ చెయ్యాలన్నా, రేపెవరైనా అనువాదం చేస్తామన్నా ముందు దాన్ని మార్పిడి చేసి, అందులో దొర్లే తప్పులన్నీ దిద్దుకోవాల్సిందే. నువ్వెలాగూ ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే రాస్తావు. చిక్కు ఏమిటంటే, ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లన్నీ డీటీపీ ఫైలులోనే ఉండిపోతాయి, నీ దగ్గరున్న యూనికోడ్ ఫైలు పాతదైపోతుంది. అందుకని ఆఖరి ప్రూఫు చూశాక కూర్చుని ఆ మార్పులన్నీ నీ ఫైలులో కూడా చేసుకో. నాలుగు రాత్రులు పట్టినా సరే. ముఖచిత్రం, పేజీల పీడీఎఫ్, ఈ యూనికోడ్ ఫైలు మూడూ నీ దగ్గరే ఉండాలి. ప్రెస్సువాళ్ల దగ్గర ఉన్నాయిలే అనుకోకు, ప్రెస్సులు మూతపడతాయి, కంప్యూటర్లు పాడవుతాయి.

ముందుమాటలు ఎన్ని వేయించాలని అడిగావు. ఒక్కటి చాలు, అదీ నీ కథలు నిజంగా చదివినవాళ్లతో. నాలుగు ముందుమాటలు దాటుకుని కథ దాకా వచ్చేసరికి పాఠకులు అలిసిపోతారు.

ఇక ఆవిష్కరణ సభ. హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టుకుంటానన్నావు. పెట్టుకో తల్లీ, తొలి పుస్తకం కదా, ముచ్చట ఉండాలి. కానీ హాలు అద్దె, శాలువాలు, ఫ్లెక్సీ, టిఫిన్లు అన్నీ కలిపితే ఎంతవుతుందో లెక్క వేసుకో. అందులో సగంతో సభ ముగించి, మిగతా సగంతో నాలుగు ఊళ్లు తిరుగు. ఖమ్మం, ఒంగోలు, అనంతపురం, విజయనగరం, ఎక్కడైనా సరే పదిహేను మంది కూర్చుని నీ కథ ఒకటి వింటే చాలు. హైదరాబాద్ సభకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనలాంటి రాసేవాళ్లే, వాళ్ల చేతికి పుస్తకం ఎలాగైనా చేరుతుంది. చిన్న ఊళ్లో ఒక టీచరమ్మ, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక డిగ్రీ కుర్రాడు వస్తారు. పుస్తకం కొనుక్కుంటారు, చదువుతారు, ఇంకొకరికి చెప్తారు. ఏళ్ల తరబడి మనతో నడిచేది వాళ్లే. వాళ్లకి కథ చదివి వినిపించేటప్పుడు ఇంట్లో రెండుసార్లు గొంతెత్తి చదువుకుని మరీ వెళ్లు.

పుస్తకాల అమ్మకం గురించి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. షాపులకి నలభై శాతం దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కమిషన్ ఇవ్వాలి. అది అన్యాయమేం కాదు, వాళ్లకీ అద్దెలు, జీతాలు ఉన్నాయి. ధర పెట్టేటప్పుడే ఆ కమిషన్ లెక్కలోకి తీసుకో. ఏ షాపులో ఎన్ని కాపీలు ఇచ్చావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో, మూడు నెలలకోసారి మర్యాదగా ఫోన్ చేసి అడుగు. అయిపోతే వెంటనే పంపు. కాచిగూడ నవోదయలో, విశాలాంధ్ర షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఏదో ఒకచోట నీ పుస్తకం ఎప్పుడూ ఉండాలి. ఒకేసారి వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకోవద్దు. ఇప్పుడు వందా రెండొందలు కూడా వేసిస్తున్నారు కదా. అయిపోగానే మళ్లీ వేయించు.

మళ్లీ వేయించేటప్పుడు తప్పులు దిద్దు, అవసరమైతే కథనే తిరగరాయి. గురజాడ 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని అక్కడితో వదిలెయ్యలేదు. చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇవాళ మనం చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. అచ్చయిపోయింది కదా అని కథని వదిలెయ్యకు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, తప్పకుండా తీసుకో. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకు. ఇంకొకటి, 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ఒక్కో కాపీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకి ముప్పై రోజుల్లోగా పంపాలి. ప్రచురణకర్త పంపాలన్నమాట. సొంతంగా వేసుకుంటున్నావు కాబట్టి ఆ ప్రచురణకర్తవి నువ్వే. చాలామంది పంపరు. నువ్వు పంపు. వేటపాలెం సారస్వత నికేతనానికీ, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికీ, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ భాషానిలయానికీ తలొకటి ఇవ్వు.

శ్రీకాకుళం కథానిలయానికి మాత్రం రెండు పంపించు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని కథారచయిత కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో దాన్ని పెట్టారు. ఆయన రాసిన కథలు సంఖ్యలో తక్కువే. కొత్తవి రాయడం ఆపేశాక కూడా ఎక్కడెక్కడి పాత పత్రికల్లో వెతికి, ఇతరుల కథలు కూడబెట్టారు. ఎవరికీ గుర్తులేని రచయితల కథలు అక్కడ ఉన్నాయి, పరిశోధన చేసే పిల్లలు ఇప్పటికీ వెళ్లి చూస్తున్నారు. నీ కథలు పత్రికల్లో వచ్చిన తేదీలు, సంచికల వివరాలు ఒక కాగితం మీద రాసి పుస్తకంతో పాటు పెట్టు.

పాఠకులతో ఎలా ఉండాలన్నది ఇంకో పెద్ద విషయం. వెనకటికి కథ పడితే పోస్టుకార్డులు వచ్చేవి, ఇప్పుడు వాట్సాప్‌లు వస్తున్నాయి. ప్రతిదానికీ జవాబు రాయి, రెండు వాక్యాలైనా సరే. కథ బాలేదని రాసినవాళ్లకి కూడా రాయి, వాదనకి మాత్రం దిగకు. ఎవరెవరు రాశారో, ఏ ఊరో ఒక జాబితా పెట్టుకుంటే తర్వాతి పుస్తకం వచ్చినప్పుడు మొదట చెప్పాల్సింది వాళ్లకే.

ఒక్క జాగ్రత్త. పత్రికలు కథ కింద రచయిత ఫోన్ నెంబరు వేస్తాయి. కథ గురించి మాట్లాడ్డానికి కాకుండా ఆడగొంతు వినడానికి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. ఈ బెడద పడలేక రాయడమే మానేసిన ఆడపిల్లలు నాకు తెలుసు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నువ్వు ఈమెయిల్ మాత్రమే ఇవ్వు. ఫోన్ తప్పదంటే వేరే నెంబరు తీసుకో. ఇంటి అడ్రస్ పుస్తకంలో వెయ్యొద్దు.

ఫేస్‌బుక్‌లో ఉండు, రోజూ కాదు. నీ పుస్తకం గురించి ఒకసారి చెప్తే వేరేవాళ్ల పుస్తకాల గురించి నాలుగుసార్లు రాయి, చదివి రాయి. నీ అభిరుచి నమ్మినవాళ్లు నీ కథనీ నమ్ముతారు. లైకులు చూసుకుని టెన్షన్ పడకు. లైకు కొట్టే వెయ్యిమందిలో పుస్తకం కొనేవాళ్లు ఎందరో నీకే తెలుస్తుంది.

చతుర, విపుల లాంటి పత్రికలు ఆగిపోయాక కథలు వేసే చోట్లు తగ్గాయి, నిజమే. అయినా ఆదివారం అనుబంధాలున్నాయి, 1998 నుంచి నడుస్తున్న ఈమాట ఉంది, సారంగ ఉంది, రెండూ ఇంటర్నెట్ పత్రికలే. ఏడాదికి రెండు కథలైనా బయటికి వచ్చేలా చూసుకో. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి అచ్చు పుస్తకం చేరడం కష్టం, వాళ్లలో కారులో వెళ్తూ వినేవాళ్లు చాలామంది. రెండు మూడు కథలు ఆడియో చేయించు. హక్కులు మొత్తంగా రాసివ్వకు, ఆడియోకి ఆడియో, అనువాదానికి అనువాదం, ఎన్నేళ్లకో కూడా కాగితం మీద ఉండాలి.

అవార్డులకి పంపాలనుకుంటే పంపు. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి ముప్పై అయిదేళ్లే హద్దు, నీకింకా టైముంది. దానికోసం ఎవరి చుట్టూ తిరగొద్దు.

ఆఖరి ప్రూఫులు నాకు కొరియర్ చెయ్యి, ఫోన్లో పీడీఎఫ్ చదవడం నా కళ్లకి పడదు. వారంలో చూసి పంపేస్తాను. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం రెడీ అయితే ఓ యాభై కాపీలు తెచ్చుకుని ఇక్కడికే వచ్చెయ్. స్టాలు వాళ్లతో ముందుగా మాట్లాడిపెడతాను.

ప్రేమతో,
నీ పిన్ని