పురిటింటి ప్రశ్నలు: ఆశా ఎన్నిసార్లు రావాలి, వచ్చి ఏం చూడాలి?

ప్రశ్న: మా అమ్మాయి కాపురం ఒంగోలు. తొలికాన్పుకని విజయవాడ తీసుకొచ్చాం. ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పే అయింది. మూడో రోజు ఇంటికి వచ్చేశాం. ఇవాళ్టికి పది రోజులు, చూడడానికి ఎవరూ రాలేదు. నర్సు ఇంటికే వస్తుందంటారు కదా, మేమేమైనా దరఖాస్తు పెట్టుకోవాలా?
– ఒక అమ్మమ్మ, కృష్ణలంక

జవాబు: దరఖాస్తు అక్కర్లేదండీ, పైసా కట్టక్కర్లేదు కూడా. అయితే మామూలుగా వచ్చేది నర్సు కాదు, ఆశా కార్యకర్త. ఆమెకు పైన ఏఎన్‌ఎం ఉంటుంది. పసిబిడ్డను ఇంటి దగ్గరే చూసే ఈ పథకం 2011 నుంచి నడుస్తోంది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, అంటే ఆరుసార్లు రావాలి. పుట్టిన రోజే ఒకటో రోజు. ఇంట్లో కాన్పయితే ఆ మొదటి రోజు కూడా కలిపి ఏడు. సిజేరియన్ అయి వారం దాకా ఆసుపత్రిలోనే ఉన్నవాళ్లకు 7వ రోజు నుంచి లెక్క. ఇందుకు ఆశాకు ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది, మీరు చేతిలో పెట్టాల్సిందేమీ లేదు. మంచినీళ్లు ఇవ్వండి చాలు.

మీ దగ్గర లెక్క తప్పింది బహుశా ఇక్కడ: అమ్మాయి పేరు ఒంగోలు ఆశా రిజిస్టర్లో ఉంటుంది. ఆమె "పుట్టింటికి వెళ్లింది" అని రాసుకుని ఊరుకుంటుంది. మీ వీధి ఆశాకేమో మీ ఇంట్లో బాలింత ఉందనే తెలియదు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్న మన ఆచారంలో తప్పేమీ లేదు గానీ, దానివల్ల అందరికంటే ఎక్కువ కనిపెట్టుకోవాల్సిన తొలిచూలు తల్లే ఇద్దరు ఆశాల మధ్య జారిపోతోంది.

తల్లీబిడ్డల రక్షణ కార్డు, డిశ్చార్జి కాగితం పట్టుకుని ఇవాళే వార్డు సచివాలయానికి వెళ్లి, అక్కడి ఏఎన్‌ఎంను కలవండి. ఫోన్ నంబరుతో పాటు ఇంటి గుర్తు చెప్పండి. కొండ మీద ఇళ్లున్నవాళ్లయితే ఏ మెట్లదారి, ఏ కుళాయి దగ్గర మలుపు అన్నది కూడా చెప్పాలి, డోర్ నంబరు పట్టుకుని అక్కడ ఇల్లు దొరకదు. 3, 7 రోజుల రాకలు మీకు ఎలాగూ పోయాయి. 14 దాకా ఆగకుండా బిడ్డను పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి బరువు తూయించండి. ఇంకా కాన్పు కానివాళ్లు, పుట్టింటికి బయల్దేరేముందే అక్కడి ఆశాకు, చేరగానే ఇక్కడి ఆశాకు చెప్పుకుంటే ఈ తిప్పలుండవు.

ప్రశ్న: ఆశా అక్క వస్తుంది. గుమ్మంలో నిలబడి "పాలు తాగుతున్నాడా, బాగున్నారా" అని కార్డులో రాసుకుని వెళ్లిపోతుంది. నిజానికి ఆమె ఏం చూడాలి?
– ఒక తల్లి, అజిత్‌సింగ్ నగర్

జవాబు: గుమ్మంలో అయ్యే పని కాదమ్మా అది. లోపలికి రమ్మని మీరే పిలవండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తర్వాత బిడ్డను ముట్టుకోకుండానే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఊపిరి లెక్కపెట్టాలంటే బిడ్డ ఏడవకూడదు. పొట్ట పైకి కిందికి కదలడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి. పసిబిడ్డ ఊపిరి ఒకే వేగంతో ఉండదు, కాసేపు గబగబా, కాసేపు ఆగినట్టు ఉంటుంది. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. 60 గానీ అంతకుమించి గానీ వస్తే మళ్లీ ఒకసారి లెక్కించాలి. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తర్వాత చంకలో థర్మామీటర్. 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన బెజవాడ ఎండల్లో ఒక తికమక వస్తుంది. మే నెలలో కూడా బిడ్డకు టోపీ, మేజోళ్లు వేసి, రెండు దుప్పట్లు చుడతారు, ఒళ్లు వేడెక్కుతుంది. అప్పుడు చుట్టినవి తీసి, ఒక పావుగంట, అరగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికీ దిగకపోతే అది జ్వరమే. ఈ వయసులో జ్వరానికి ఇంట్లో చుక్కల మందు పోయకూడదు, ఆసుపత్రికే వెళ్లాలి. ఒళ్లు చల్లబడటం కూడా జ్వరమంత ప్రమాదమే.

ఇక బరువు. తూకానికి ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నా దగ్గరుందో లేదో చూడాలి, బిడ్డకు బట్టలు తీసేయాలి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఒకసారి బట్టలతో, ఒకసారి లేకుండా తూస్తే 200 గ్రాములు ఉత్తుత్తినే పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తాయి. మొదటి రోజుల్లో పుట్టినప్పటి బరువులో పదో వంతు దాకా తగ్గడం మామూలే. 3 కిలోల బిడ్డ 2.7కు వచ్చినా కంగారు వద్దు. రెండు వారాలకల్లా మళ్లీ 3కు చేరాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. చేరకపోతే వెంటనే డబ్బాపాలు మొదలుపెట్టేస్తారు చాలామంది. ముందు పాలు పట్టే తీరు చూడమనండి: బిడ్డ నోరు పెద్దగా తెరవాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే బిడ్డకు పాలు రావు, తల్లికి పుండ్లు పడతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతూ, వారం దాటిన బిడ్డ ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

తల్లిని చూడకుండా వెళ్తే ఆ రాక సగమే. రక్తస్రావం, జ్వరం, వాసన వేసే స్రావం, కుట్లు, రొమ్ముల్లో గడ్డలు అడగాలి. తలనొప్పితో పాటు కళ్లు మసకబారుతున్నాయంటే వెంటనే బీపీ చూపించాలి. గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) కాన్పు తర్వాత కూడా రావచ్చు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, బిడ్డ పాలు వదిలేసినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా ఆశా కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అత్తగారు బిడ్డ బొడ్డుకు ఆముదం, పసుపు పెడతారు. ముక్కులో నూనె చుక్క వేస్తారు. నాకేమో పథ్యమని నీళ్లు కూడా అరగ్లాసే. ఎదురు చెప్పలేను.
– ఒక బాలింత, గుంటూరు

జవాబు: అన్నిటికీ ఎదురు చెప్పక్కర్లేదు. ఒంటికి నూనె రాసి మెల్లగా మర్దనా చేయడం, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టడం, ఇరవై ఒక్క రోజులు పని చెప్పకపోవడం, ఇవన్నీ చేయనివ్వండి. పట్టుబట్టాల్సినవి కొన్నే. బొడ్డుకు ఏదీ పెట్టకూడదు. పొడిగా వదిలేస్తే వారం, పది రోజుల్లో తనే రాలుతుంది. ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. తేనె ఏడాది నిండే దాకా వద్దు. సాంబ్రాణి పొగ మూసిన గదిలో వేయొద్దు, కాటుక కంట్లో పెట్టొద్దు. ఇక మీ నీళ్ల సంగతి: పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా తాగనివ్వాలి, లేకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట. పప్పు, ఆకుకూర, గుడ్డు మానిపించొద్దు. కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు ఐరన్ మాత్ర వేసుకోవాలి. క్యాల్షియంతో కలిపి వేసుకోవద్దు, టీ తాగగానే వద్దు.

ఇవి మీ నోటితో కాకుండా ఆశా నోటితో, అత్తగారి ఎదుట చెప్పించండి. ఆమె వచ్చే రోజు అత్తగారు ఇంట్లో ఉండేలా చూసుకుంటే సగం పని అయినట్టే.

ప్రశ్న: మూడో నెలకే మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లాలి. పాలు ఎలా?
– గుంటూరు

జవాబు: పనికి వెళ్లేముందు పట్టండి, రాగానే పట్టండి, రాత్రంతా పట్టండి. మధ్యలోకి చేత్తో పాలు పిండి, ఉడికించిన స్టీలు గిన్నెలో మూతపెట్టండి, మన వేసవిలో 4 గంటలకు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో అయితే 24 గంటలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టమనండి. మిగిలినవి పారబోయాలి. పని నుంచి రాగానే ఎత్తుకోవాలనిపిస్తుంది గానీ, ముందు చీర మార్చి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడగండి, రొమ్ములు మంచినీళ్లతో కడగండి. మిర్చి ఘాటు ఒట్టి నీళ్లకు వదలదు.

ప్రశ్న: అమెరికాలో పేద తొలిచూలు తల్లుల ఇళ్లకు నర్సే రెండేళ్లు వెళ్తుందట. మనకెందుకు లేదు?
– ఒక నర్సింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1977లో న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరాలో మొదలుపెట్టిన పని అది. గర్భంతో ఉన్నప్పుడే మొదలై, బిడ్డకు రెండేళ్లు నిండే దాకా ఒకే నర్సు వెళ్తుంది. తర్వాత డెన్వర్‌లో నర్సులను, నర్సులు కాని కార్యకర్తలను పోల్చి చూస్తే నర్సులదే పైచేయి అయింది. అలాగని ఎక్కడ పెట్టినా పనిచేస్తుందనీ లేదు. ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతిని పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో, ముఖ్యమని పెట్టుకున్న అంశాల్లో అదనపు లాభం కనిపించలేదు. అక్కడ మామూలు తల్లులకు కూడా ఇంటికొచ్చి చూసే ఏర్పాటు ముందునుంచే ఉంది మరి.

మన దారి మహారాష్ట్రలోని గడ్చిరోలి నుంచి వచ్చింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 39 ఊళ్లలో గ్రామ స్త్రీలకే నేర్పించి చేయించిన పనివల్ల పసిగుడ్డుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఆ స్త్రీలు యాంటీబయోటిక్ ఇంజెక్షన్ కూడా ఇచ్చేవారన్నది చాలామంది మరచిపోతారు. అంత శిక్షణ, క్రమం తప్పని పర్యవేక్షణ లేకుండా రాకలు మాత్రమే తీసుకుంటే అదే ఫలితం ఆశించలేం. 42 రోజుల తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో ఆశా మళ్లీ రావాలన్న పథకం 2018 నుంచి ఉంది. తల్లులకు దాని సంగతి పెద్దగా తెలియదు కాబట్టి అడగరు.

ప్రశ్న: తొలికాన్పుకు వచ్చే 5,000 రూపాయలు పడలేదు.
– తాడేపల్లి

జవాబు: మాతృ వందన యోజనలో 3,000 గర్భం నమోదయ్యాక, 2,000 పుట్టిన నమోదు, 14 వారాల టీకాలు పూర్తయ్యాక పడతాయి. ఖాతా భర్తది కాకుండా తల్లి పేరుతోనే ఉండాలి, ఆధార్‌తో జతపడి ఉండాలి. ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు ఉంటే ముందు అవి ఒకటి చేయించుకోండి. రెండు ఖాతాలున్నవాళ్లకు ఆధార్ చివరగా జతచేసిన ఖాతాలో పడుతుంది. అక్కడ చూసుకోకుండా పడలేదనుకునేవాళ్లూ ఉన్నారు.