తిన్నాక ముంచుకొచ్చే మగత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. కూర్చుని చేసే ఉద్యోగం. పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 5.9 వచ్చాయి. మధ్యాహ్నం భోంచేశాక కళ్లు మూతలు పడుతుంటాయి, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతుంటాను. రాత్రి ఐదు గంటలే నిద్ర. కాఫీలో చక్కెర మానేశాను. అది చాలుతుందా?

జవాబు: చాలదండీ. పరగడుపున 100–125, హెచ్‌బీఏ1సీ 5.7–6.4 ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటారు. మీరు అందులో ఉన్నారు, కానీ ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. కాఫీలో చెంచాడు చక్కెర సుమారు 5 గ్రాములు. ఒక్క పూట భోజనంలో పిండిపదార్థాలు 75 గ్రాములు దాటడం మామూలే.

అయితే మగతకు షుగరొక్కటే కారణం అనుకోకండి. మధ్యాహ్నం ఒంటిగంట, మూడింటి మధ్య ఒంట్లోని గడియారం వల్లే చురుకుదనం కొంత తగ్గుతుంది. నిద్ర బాకీ ఉన్నవాళ్లను అది కూర్చున్నచోటే జోగేలా చేస్తుంది. వారంపాటు రోజూ నాలుగైదు గంటలే పడుకుంటే ఆరోగ్యవంతుల్లోనూ రక్తంలో షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్ పని మందగిస్తుంది. అందుకే ముందు నిద్ర సంగతి చూడండి. పడుకునే వేళను ఒకేసారి రెండు గంటలు ముందుకు జరిపితే పక్కమీద దొర్లడమే అవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున జరుపుతూ ఏడు గంటలకు చేరండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. గట్టిగా గురక పెడుతున్నారా? నిద్రలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు గమనించారా? అయితే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి.

ఇక పళ్లెం. సగం కూరగాయలు, పావు వంతు గుడ్డు, పప్పులు, చేప లాంటివి, మిగతా పావే పిండిపదార్థం. దాన్ని చివర్లో తినండి. అప్పుడు షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. తిన్న పావుగంటలోపు లేచి 10–15 నిమిషాలు నడవండి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం కాచుకుని కూర్చోదు, రక్తంలోని గ్లూకోజును తనే లాక్కుంటుంది. ఆ నడకను సాయంత్రానికి వాయిదా వేస్తే మధ్యాహ్నం పెరిగిన షుగర్‌కు అది అక్కరకు రాదు.

తేడా మీ కళ్లతో చూడాలంటే అదే భోజనం ఒకరోజు నడకతో, ఒకరోజు నడక లేకుండా తిని గ్లూకోమీటర్‌తో పోల్చండి. ముందు సబ్బుతో చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకోండి. పండు ఒలిచిన వేలితో పరీక్షిస్తే లేని షుగర్ కనిపిస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే అంకె తప్పవచ్చు. మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు చూస్తే 140 లోపు ఉండాలి. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలలయ్యాకే మళ్లీ చేయించండి. అది రక్తంలోని ఎర్రకణాలకు అంటుకున్న షుగర్‌ను కొలుస్తుంది, ఆ కణాల ఆయువు సుమారు 120 రోజులు కాబట్టి, తొందరపడితే మార్పు పూర్తిగా కనిపించదు.

ప్రశ్న: అమ్మ ఏడేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతోంది, పూర్తి శాకాహారి. ఈమధ్య మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు. వయసు ప్రభావమేనా?

జవాబు: వయసు ఖాతాలో వేసేముందు విటమిన్ బీ12 పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బీ12 శోషణ తగ్గుతుంది. శాకాహారంలో అది ఎలాగూ తక్కువే. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని ఊరుకోవద్దు, రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. డాక్టర్‌ని అడగకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే వేయకండి. అవి రక్తహీనతను సరిచేసి బీ12 లోపాన్ని కప్పేస్తాయి, నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. దాన్ని కొనసాగిస్తూనే బీ12 మాత్రలో, ఇంజెక్షన్లో తీసుకోవచ్చు.