పావురాలకు నాలుగు పేజీలివ్వు

తమ్ముడూ,

పరిణామ సిద్ధాంత చరిత్ర మీద నువ్వు ఇవ్వబోయే ఉపన్యాసాల రాతప్రతి అందింది. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చిన సంగతి చెప్పిన తీరు బాగుంది. డార్విన్ సిద్ధాంతం మీద వాదన జరిగిన ఆక్స్‌ఫర్డ్ సభ ఘట్టం చదివితే మాత్రం ఒళ్లు మండింది. 1860 జూన్ 30న బిషప్ విల్బర్‌ఫోర్స్ కోతి పూర్వీకుల మాటెత్తి ఎద్దేవా చేశాడు, డార్విన్ పక్షాన నిలిచిన జీవశాస్త్రవేత్త హక్స్‌లీ ఒక్క మాటతో ఆయన నోరు మూయించాడు అని రాసి, ఆ మాటల్ని కొటేషన్లలో పెట్టావు. అక్కడ కూర్చుని వాటిని ఉన్నదున్నట్టు రాసుకున్నది ఎవరు? మనం వినే కథ చాలావరకు ఏళ్ల తర్వాతి జ్ఞాపకాల్లోంచి వచ్చింది. ఆ సభలోనే మాట్లాడిన డార్విన్ మిత్రుడు, వృక్షశాస్త్రవేత్త హూకర్, హక్స్‌లీ గొంతు అంతమందికీ ఆనలేదని రెండు రోజులకే డార్విన్‌కు ఉత్తరం రాశాడు.

పైగా విల్బర్‌ఫోర్స్‌ను మూర్ఖుణ్ణి చేశావు. తన వాదనలో ఊహ ఎక్కువగా ఉన్న చోట్లనే తన పుస్తకం మీద ఆయన రాసిన సమీక్ష నేర్పుగా పట్టుకుందని డార్వినే ఒప్పుకున్నాడు.

హక్స్‌లీ మీద అంత అభిమానముంటే, 1862లో లండన్ జెర్మిన్ వీధిలో ఆయన కార్మికులకిచ్చిన ఆరు ఉపన్యాసాలు చదువు. పావురాల గురించి ఎంత తీరిగ్గా చెప్పాడో! తోకను విసనకర్రలా విప్పేదీ, మెడను సంచిలా ఉబ్బించేదీ, అన్నీ బండల్లో గూడు కట్టే ఒక్క అడవి పావురం నుంచి మనిషి ఎంచి ఎంచి పెంచినవే. అక్కడితో ఆపి చప్పట్లు కొట్టించుకోవచ్చు. ఆయన ఆపలేదు. ఇంత తేడా వచ్చినా ఈ రకాల్ని జతకడితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. ఒకదానితో ఒకటి కలిసి సంతానం పొందలేని జాతుల్ని ఇలా పెంచి ఇంతవరకు ఎవరూ చూపించలేదు, ఇదొక లోటు అని ఆ కార్మికుల ముందే చెప్పాడు. తన పక్షం లోటు తనే చెప్పేవాణ్ణి జనం నమ్ముతారు.

నీ ప్రతిలో ఆ లోటు లేదు. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు వేసిన ప్రశ్నా లేదు. తల్లిదండ్రుల లక్షణాలు కలిసిపోయేవైతే, ఒక్క జీవిలో పుట్టిన మంచి మార్పు నాలుగు తరాల్లో పలచబడిపోదా? డార్విన్‌ను ఇది బాగా ఇబ్బంది పెట్టింది. లక్షణాలు అలా కలిసిపోకుండా విడివిడిగా తరాలు దాటతాయని చూపి, జవాబుకు దారి వేసే బఠానీ మొక్కల లెక్కల్ని మెండెల్ 1865లోనే ఇప్పటి చెక్ దేశంలోని బ్ర్నోలో రెండు ఉపన్యాసాల్లో చెప్పాడు. 1900 దాకా వాటిని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. ఇంతకన్నా టెన్షన్ ఉన్న కథ ఎక్కడ దొరుకుతుంది?

నా తొలి రోజుల్లో ఒక వారపత్రికకు ఇదే రాసి పంపితే, ఎడిటర్ గారు జెంకిన్‌ను మొత్తం కోసేసి కోతి బొమ్మ పెద్దదిగా వేశారు. 'పాఠకుడికి లేనిపోని అనుమానాలు ఎందుకండీ' అన్నారు. ఆ సంచిక పట్టుకుని బస్టాండులో కూర్చుని ఏడ్చినంత పని చేశాను. ఇప్పటి వీడియోల వాళ్లదీ అదే వరస. మూడు నిమిషాల్లో ఒకడు గెలవాలి, ఒకడు ఓడాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగమే తీసేశారు. నీ సభకొచ్చే పిల్లల్లో కొందరికి ఇది తొలి పరిచయం కావచ్చు, వాళ్లకు సగం కథ చెప్పకు.

పబ్లిషర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండో ఉపన్యాసం తిరగరాసి పంపు. ఆక్స్‌ఫర్డ్‌కు అరపేజీ చాలు, పావురాలకూ జెంకిన్‌కూ చెరో నాలుగు పేజీలివ్వు.

ఆశీస్సులతో,
అన్నయ్య