అడ్తి సాఫ్ట్‌వేర్‌కు ఏ లైసెన్స్?

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్) దుకాణాలకు తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, ధర చీటీలు), బిల్లులు తీసే సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌లో చేసి, సోర్స్ కోడ్ ఇవ్వకుండా అమ్ముతున్నాను. స్క్రీన్లకు పైక్యూటీ5 (క్యూటీ లైబ్రరీని పైథాన్‌లో వాడనిచ్చేది), పీడీఎఫ్‌కు రిపోర్ట్‌ల్యాబ్ వాడాను. పైక్యూటీది జీపీఎల్ (ప్రోగ్రాంతో పాటు సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) కాబట్టి కోడంతా బయటపెట్టాలని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? ఇన్ని షరతులు పెట్టే జీపీఎల్‌లో స్వేచ్ఛ ఎక్కడుంది? దాదాపు షరతులే లేని ఎంఐటీ లైసెన్స్‌దే కదా అసలు స్వేచ్ఛ?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ మిత్రుడి మాట సగమే నిజం. పైక్యూటీని రివర్‌బ్యాంక్ సంస్థ జీపీఎల్ 3 కింద ఉచితంగానూ, డబ్బు కడితే కమర్షియల్ లైసెన్స్‌తోనూ ఇస్తుంది. మీరు కొనకపోతే జీపీఎలే వర్తిస్తుంది. అయినా కోడ్‌ను ఊరంతా పంచనక్కరలేదు. కాపీ కొన్న అడ్తిదారుకు సోర్స్, బిల్డ్ స్క్రిప్టులతో సహా, అందితే చాలు. ధర మీ ఇష్టం. ఆయన దాన్ని పక్క దుకాణానికి ఇస్తే మాత్రం అడ్డుకోలేరు. ఈ భయం మరీ ఎక్కువనే మా అభిప్రాయం. మిర్చి సీజన్‌లో బిల్లు ఆగితే ఫోన్ ఎత్తే మనిషికే అడ్తిదారు డబ్బిస్తాడు.

కోడ్ ఇవ్వడం ఇష్టం లేకపోతే, క్యూటీనే పైథాన్‌లో వాడనిచ్చే మరో లైబ్రరీ పైసైడ్6కు మారండి. అది ఎల్‌జీపీఎల్ (లైబ్రరీల కోసం షరతులు సడలించిన జీపీఎల్) కింద కూడా దొరుకుతుంది. ఇంపోర్ట్ లైన్లు మార్చి, పైక్యూటీసిగ్నల్‌ను సిగ్నల్‌గా, పైక్యూటీస్లాట్‌ను స్లాట్‌గా రాయాలి. క్యూయాక్షన్ ఇప్పుడు క్యూటీవిడ్జెట్స్‌లో ఉండదు, క్యూటీగుయ్‌లో ఉంటుంది; మొదటి ఎర్రర్ తరచూ అక్కడే వస్తుంది. ప్రోగ్రాంను ప్యాక్ చేసే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఎగ్జి ఫైల్‌గా కట్టకుండా ఫోల్డర్ పద్ధతిలో కట్టండి. క్యూటీ లైబ్రరీని వాడకందారు తానే మార్చుకోగలగాలన్నది ఎల్‌జీపీఎల్ షరతు. ఒకే ఫైల్‌లో ఇరికిస్తే అది కష్టం. లైసెన్స్ ప్రతులు జతచేయండి. వాడకందారు తాను మార్చిన లైబ్రరీని సరిచూసుకోవడానికి చేసే రివర్స్ ఇంజినీరింగ్‌ను మీ ఒప్పందంలో నిషేధించకూడదు. రిపోర్ట్‌ల్యాబ్‌ది ఎంఐటీ లాంటి బీఎస్‌డీ లైసెన్స్, దాని నోటీసు ఉంచితే సరి.

ఇక స్వేచ్ఛ సంగతి. ఎంఐటీ, బీఎస్‌డీలు కోడ్ అందుకున్న డెవలపర్‌కు దాదాపు అన్నీ వదిలేస్తాయి, మూసేసి అమ్ముకునే హక్కుతో సహా. సోనీ తన ప్లేస్టేషన్ 4 ఆపరేటింగ్ సిస్టమ్‌ను బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టింది. తన మార్పులు తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత దానికి లేదు. జీపీఎల్ ఆ డెవలపర్ చేతులు కొంత కట్టేసి, చివరి వాడకందారు స్వేచ్ఛను చూస్తుంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో జీపీఎల్ కింద వచ్చే లినక్స్ ఉందని 2003లో బయటపడింది. కంపెనీ సోర్స్ ఇచ్చాక దానిమీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ రౌటర్ సాఫ్ట్‌వేర్ మొదలైంది. బీఎస్‌డీ కోడ్‌తో చేసిన రౌటర్ అయితే కొన్నవాళ్లకు అడిగే హక్కే ఉండేది కాదు. అందుకే వాడకందారు చేతికి వెళ్లే పూర్తి ప్రోగ్రాంకు జీపీఎల్, అందరూ వాడాలనుకునే చిన్న లైబ్రరీకి ఎంఐటీ లేదా దానిలాగే మూసేసి అమ్మనిచ్చే అపాచీ 2.0 అని మా సలహా. అపాచీ కోడ్ జీపీఎల్ 3తో కలుస్తుంది, కేవలం జీపీఎల్ 2 అన్న ప్రాజెక్టుతో కలవదు.

ప్రశ్న: నెట్‌లో దొరికిన కోడ్‌కు లైసెన్స్ ఫైలే లేదు. వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: వద్దు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రచనే; అనుమతి రాసి ఉండకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. లైసెన్స్ ఫైల్ పెట్టమని వాళ్లకే మెయిల్ చేయండి.